పరీక్ష కోసం ఆపిన బిడ్డ

పిల్లల వార్డులో పాఠం చెప్పడానికి కొత్తగా చేరబోతున్న మీ కోసం రాస్తున్నాను. డెబ్బైలలో, ఎనభైలలో వరంగల్‌లో నేను ఆ పనే చేశాను. మొదట డాక్టర్లకు పాఠం చెప్పాను, తర్వాత డాక్టర్లకు పాఠం చెప్పేవాళ్ళకు పాఠం చెప్పాను. రెండోదాన్ని టీచర్ ట్రైనింగ్ అంటారు. దానికి బ్యాడ్జీ ఇస్తారు, ప్లాస్టిక్ ఫైలు ఇస్తారు, మధ్యాహ్నం మంచి భోజనం పెడతారు, చివరిరోజు గ్రూప్ ఫోటో దిగుతారు. ఆ ఫోటోలు మా ఇంట్లో ట్రంకు పెట్టె నిండా ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకుపోవచ్చు.

నన్ను ప్రొఫెసర్‌ని ఎప్పుడు చేశారు, ఎవరు అడ్డం పడ్డారు, ఏ ఫైలు ఏ బల్ల మీద పడుకుంది, ఇవి నన్ను అడగకండి. అవి చెప్పే రిటైర్డ్ డాక్టర్లు ప్రతి పెళ్ళి పందిట్లో ఇద్దరన్నా దొరుకుతారు, పక్కన కుర్చీ వేసుకొని వినండి. నేను చెప్పేది పని గురించి. పేదింటి బిడ్డ మన ముందుకొస్తే మనం ఏం చూస్తాం, ఏం చూడం, దాన్నే మన వెనక వచ్చేవాళ్ళకు ఎట్లా అంటిస్తాం అన్నది. అంటించడం అనే మాట తెలిసే వాడాను. మేం నేర్పినదానికంటే అంటించిందే ఎక్కువ.

మా తరం డాక్టర్లు దేవుళ్ళని ఈమధ్య సన్మాన సభల్లో అంటున్నారు. శాలువా కప్పుతున్నప్పుడు ఎవరూ కాదనరు, నేనూ కాదనలేదు. ఇప్పుడు ఆ శాలువా తీసి పక్కన పెట్టి చెప్తున్నాను.

పెద్దసారు

మా డిపార్ట్‌మెంటు హెడ్‌ను అందరం పెద్దసారు అనేవాళ్ళం. ఇస్త్రీ కోటు, మెరిసే బూట్లు. ఎనిమిది కొట్టేసరికి వార్డులో ఉండేవారు. గుండె చప్పుడు విని లోపల ఏ కవాటం చెడిందో చెప్తే, తర్వాత హైదరాబాద్ పంపి పరీక్షలు చేయించినా అదే తేలేది. ఎవరి దగ్గరా పైస ముట్టలేదు. ఇవి ఆయనకు ఇవ్వాల్సిన మార్కులు, ఇచ్చేశాను.

ఆయనకు ఒక్క బిడ్డ పేరు తెలియదు. "మూడో మంచం లివర్ ఎట్లుంది? కిటికీ పక్క స్ప్లీన్‌ను పంపించేసిన్రా?" ఇదీ ఆయన రౌండు. ఒకసారి ఒక తల్లి ధైర్యం చేసి, "నా బిడ్డ పేరు రాజేశ్వరి సారూ" అన్నది. ఆయన వెనక్కి తిరిగి, తల్లులు మధ్యలో మాట్లాడకుండా చూడమని సిస్టర్‌కు చీవాట్లు పెట్టారు. సిస్టర్ పోయి తల్లికి పెట్టింది. మేం అసిస్టెంట్లం కోట్ల జేబుల్లో చేతులు పెట్టుకొని నిలబడ్డాం.

ఆ రోజుల్లో వార్డు అంటే మంచానికి ఇద్దరు బిడ్డలు, మంచం కింద ఇద్దరు తల్లులు. వచ్చే బిడ్డల్లో చాలామంది కడుపునిండా తిండి లేకనే వచ్చేవాళ్ళు. పేరుకు దగ్గు, పేరుకు విరేచనాలు, లోపల ఉన్నది ఆకలి. అయితే ఆకలి మాకు సబ్జెక్టు కాదు. "తిండి సంగతి గవర్నమెంట్ చూసుకుంటది, మనది మెడిసిన్" అనేవారు పెద్దసారు. అంత గొప్ప మాటను మేం నోట్‌బుక్కుల్లో రాసుకున్నాం. తర్వాత మా స్టూడెంట్లకు మా సొంత మాటలాగా చెప్పాం.

ఇక పరీక్షలు. ఫైనలియర్ ప్రాక్టికల్ పరీక్షకు స్టూడెంట్ల ముందు పెట్టడానికి బిడ్డలు కావాలి. వాళ్ళను బిడ్డలు అనేవాళ్ళం కాదు, కేసులు అనేవాళ్ళం. పరీక్ష ఇంకా నెల ఉందనగా కేసులు దాచిపెట్టడం మొదలయ్యేది. కడుపులో గడ్డ బాగా చేతికి తగిలే బిడ్డ, గుండె బాగా గరగరలాడే బిడ్డ. అట్లాంటివాళ్ళు దొరికితే ఇంటికి పంపకుండా ఆపేవాళ్ళం. పరీక్షనాడు మెడలో నంబరు చీటీ కట్టి వరుసగా కూర్చోబెడితే, ఒకడి తర్వాత ఒకడు వచ్చి అదే కడుపు ఒత్తేవాడు. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే నోట్లో బిస్కెట్ పెట్టేవాళ్ళం. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ కాఫీ తాగుతూ, "మీ దగ్గర కేసులు బాగుంటాయండీ" అని మెచ్చుకునేవాడు. పెద్దసారు మురిసిపోయేవారు. మేమూ మురిసిపోయేవాళ్ళం, ఆ పూట మాకు కూడా కాఫీ వచ్చేది.

కొమ్మాలు

ఒక ఏడు దసరా దాటి పరీక్షలు దగ్గర పడుతున్నప్పుడు వర్ధన్నపేట అవతలి ఊరినుంచి మల్లమ్మ అనే కైకిలి మనిషి, కూలిపని చేసుకునే ఆమె, తన మూడేళ్ళ బిడ్డను ఎత్తుకొని వచ్చింది. ఇంకో చంకలో అయిదు నెలల పిల్ల. ఈ చిన్నది పుట్టగానే పెద్దదానికి పాలు మాన్పించింది. పెద్దదాని పేరు కొమ్మాలు. మొహం ఉబ్బి, పాదాలు ఉబ్బి, కాళ్ళమీద చర్మం పొరలు పొరలుగా లేస్తోంది. జుట్టు రాగిరంగు తిరిగింది. తిండిలో పప్పూ పాలూ గుడ్డూ ఏమీ లేక వచ్చే వాపు అది. పుస్తకంలో బొమ్మ ఎట్లా వేశారో అట్లాగే ఉంది.

మాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఒక అసిస్టెంటు పోయి ఇంకో అసిస్టెంటును పిలుచుకొచ్చాడు. "క్లాసిక్!" అన్నాడు. మల్లమ్మ ఆ మాట మంచి కబురేమో అనుకొని వాడికి దండం పెట్టింది.

వార్డు ఆయా యాకూబ్బీ అని ఒకామె ఉండేది. ఆ వార్డులో నిజంగా వైద్యం తెలిసిన మనిషి ఎవరంటే ఆమే. పాలలో చక్కెర, చెంచాడు నూనె కలిపి, బిడ్డను ఒళ్ళో వేసుకొని, గంటకోసారి గిన్నె ఖాళీ అయ్యేదాకా లేచేది కాదు. ఊళ్ళో ముచ్చట్లన్నీ బిడ్డకు చెప్పేది. కొమ్మాలు వచ్చినప్పుడు మనిషిని చూస్తే మొహం తిప్పుకునేది, వారం తిరక్కుండానే యాకూబ్బీ వస్తుంటే నోరు తెరిచేది. పాదాలమీద వాపు కొద్దికొద్దిగా దిగడం మొదలైంది.

పెద్దసారు రౌండుకు వచ్చి బొటనవేలితో పాదం ఒత్తి చూశారు. మొహం మాడింది.

"పరీక్ష ఇంకా ఎన్నిరోజులు?"

"పద్దెనిమిది సార్."

"అప్పటిదాకా వాపుంటదా ఇది? అంత తొందరేం లేదు. పాలు పెంచకండి. ఇప్పుడు ఎంత ఇస్తున్నరో అంతే ఉంచండి. బుక్కులో కూడ నెమ్మదిగనే పెంచమన్నది కదా."

బుక్కులో ఉంది, నిజమే. మొదటి కొన్నిరోజులు నెమ్మదిగా పొయ్యమని ఉంది. పరీక్ష అయ్యేదాకా పొయ్యొద్దని లేదు. ఆ తేడా నాకు తెలుసు. తెలిసి కూడా కేస్ షీట్ తీసుకొని, 'పాలు ఇదే లెక్కన కొనసాగించాలి' అని నా చేతితో రాసి సంతకం పెట్టాను. ఎవరో నా చెయ్యి పట్టుకొని రాయించలేదు. ఆయనకు ఎదురు చెప్తే ఉద్యోగమేమీ పోయేది కాదు, మహా అయితే వారంరోజులు నాతో మాట్లాడేవారు కాదు. ఆ మాత్రం దానికి జంకి సంతకం పెట్టాను.

యాకూబ్బీ గిన్నె పట్టుకొని నా దగ్గరికే వచ్చింది.

"బిడ్డ ఇంకా కావాలంటాంది మేడం. నోరు తెరుత్తాంది. ఒద్దన్నరంట?"

"సార్ చెప్పిండ్రు యాకూబ్బీ. నెమ్మదిగ పెంచాలె."

"నెమ్మదిగ అంటే ఎన్నడు? ఆకలైతాందని పోరి ఏడుత్తాంటే నేనేం చెప్పాలె, సారుకు పరీక్షలున్నయని చెప్పాల్నా?"

పెద్దవాళ్ళ విషయాల్లో తలదూర్చవద్దని ఆమెను గదమాయించాను. ఆమె గిన్నె కడగడానికి పోయింది.

మల్లమ్మ రోజూ పొద్దున అడిగేది. "ఎప్పుడు పంపుతరు డాక్టరమ్మా? కోతలు మొదలైనయి. ఇప్పుడు పోకుంటే మల్ల కైకిలి దొరకదు. నా మొగడొక్కడే ఉన్నడు, అత్తకు కండ్లు కనపడయి." మేము చెప్పేది ఒకటే. "జర ఓపిక పట్టు. పరీక్షలైనంక పోదువు." పదకొండురోజులు అట్లా ఆపాం. ఒకరోజు పొద్దున మంచం ఖాళీ. చెప్పకుండా ఇద్దరు పిల్లలను ఎత్తుకొని బస్సెక్కింది. 'వైద్యుల మాట వినకుండా వెళ్ళిపోయినది' అని రిజిస్టరులో రాశాను. రాస్తుంటే కోపం కూడా వచ్చింది, ఈ మనుషులకు ఎంత చెప్పినా ఇంతే అని.

జీపు

పరీక్ష రేపనగా పెద్దసారు కేసులన్నీ వరుసగా చూసుకుంటూ వచ్చి ఖాళీ మంచం దగ్గర ఆగారు.

"నా కేసేది?"

చెప్పాను. ఆయన అరుపుకు వార్డులో పిల్లలందరూ ఒక్కసారి ఏడుపందుకున్నారు.

మా కాలేజీకి ఒక జీపు ఉండేది. ఊళ్ళకు పోయి పిల్లలను చూడటానికని ఇచ్చిన జీపు. ఇంటికి పోయిన బిడ్డ ఎట్లుందో చూసొద్దామని ఎప్పుడు అడిగినా దానికి డీజిల్ ఉండేది కాదు. డీజిల్ ఉంటే డ్రైవర్ ఉండేవాడు కాదు. రెండూ ఉన్నరోజు ఏదో ఆఫీసరుగారి చుట్టాలు గుళ్ళు చూడటానికి పోయేవాళ్ళు. ఆ పొద్దు మాత్రం అరగంటలో వచ్చి వార్డు మెట్ల ముందు ఆగింది. ట్యాంకు నిండా డీజిల్. డ్రైవర్ తల దువ్వుకొని కూర్చున్నాడు. పరీక్ష కేసును పట్టుకురావడానికి నలుగురు డాక్టర్లం ఎక్కాం. నలుగురం! వార్డులో సెలైన్ ఎక్కించడానికి ఒక్కడు దొరకని కాలం అది.

ఖమ్మం రోడ్డుమీద పోయి, ఊరు కనుక్కొని, ఇల్లు కనుక్కున్నాం. మల్లమ్మ పొలంలో ఉందంటే ఎవరో పోయి చెప్పారు. చేతిలో కొడవలితోనే ఉరికొచ్చింది. మమ్మల్ని చూసి ఆమె మొహం వెలిగింది. "నా బిడ్డ కోసం ఇంత దూరమొచ్చిండ్రా! నేను చెప్పకుండ వచ్చిన, తిడతరనుకున్న" అన్నది. పక్కింటినుంచి మంచం తెచ్చి వేసింది. చాయ్‌పత్తా అప్పు తేవడానికి ఎవరినో ఉరికించింది. మేము బిడ్డమీద ప్రేమతో వచ్చామని ఆమె నమ్మింది, మేము ఆ నమ్మకాన్ని చెడగొట్టలేదు. జీపులోంచి దిగి మంచంమీద కూర్చున్నాం.

గడపలో ముసలి అత్త పల్లికాయలు ఒలుస్తోంది. ఆమె ఒళ్ళో కొమ్మాలు. నేను వంగి పాదంమీద బొటనవేలు పెట్టి గట్టిగా ఒత్తి, లెక్కపెట్టి తీశాను. గుంట పడలేదు. ఇంకో పాదం ఒత్తాను, పడలేదు. కాలు సన్నగా, చర్మం కింద ఎముకతో సహా కనపడుతోంది. వాపు పోయింది.

"అయ్యో" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. పిల్లల డాక్టరును, బిడ్డకు వాపు దిగిందని చూసి అయ్యో అన్నాను. పక్కనున్న అసిస్టెంటు కూడా ఒత్తి చూశాడు. "వాపు లేదు మేడం, ఇప్పుడు తీసుకపోయి ఏం చేస్తం? రేపే పరీక్ష" అన్నాడు. మిగతా ఇద్దరూ ఒత్తారు. నలుగురం నాలుగుసార్లు ఆ రెండు పాదాలు ఒత్తాం.

మల్లమ్మ గర్వంగా చెప్తోంది, అత్త పల్లీలు నూరి, పెసర్లు ఉడకబెట్టి, జొన్న గటుకలో కలిపి పెడుతున్నదని, ఇంటి కోడి గుడ్డు రోజు విడిచి రోజు దీనికేనని. కళ్ళు కనపడని ముసలామె ఆరురోజుల్లో దించిన వాపు. మేము చదువుకున్నవాళ్ళం పదకొండురోజులు కాపాడిన వాపు. మంచిదని చెప్పి లేచాం. చాయ్ తాగకుండానే జీపెక్కాం. మొత్తం పది నిమిషాలు పట్టింది.

మరునాడు ఆ స్థానంలో ఇంకో బిడ్డను కూర్చోబెట్టారు. పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది.

బ్యాడ్జీలు, ఫైళ్ళు

కొన్నేళ్ళకు పెద్దసారు రిటైరయ్యారు. పల్లెలకు పనికొచ్చే డాక్టర్లను తయారుచేయాలని పైనుంచి గాలి మారింది. ముందు వాళ్ళకు చెప్పే టీచర్లను తయారుచేయాలన్నారు, ఆ పని నా నెత్తిన పడింది. మొదటి వర్క్‌షాప్‌కు ఢిల్లీనుంచి సూటు వేసుకొని ఒక నిపుణుడు వచ్చాడు. మూడురోజులు మాచేత పాఠానికి ఉద్దేశాలు రాయించాడు. బరువు తూచడం జ్ఞానమా, నైపుణ్యమా, వైఖరా అని ఒక పూటంతా వాదించుకున్నాం. నాకు విసుగొచ్చి వార్డునుంచి ఒక బిడ్డనూ, తూచే తక్కెడనూ తెప్పించాను. గదిలో ఉన్న టీచర్లందరూ వరుసగా తూచారు. బిడ్డను పెట్టకముందే సూది సున్నా దగ్గర లేదు. ఒక్కరూ చూడలేదు. నిపుణుడు కూడా తూచాడు పాపం, ఆయనా చూడలేదు.

మాది కొత్తవాడ. మా నాయిన జంపఖానాలు నేసేవాడు. పని నేర్చుకోవడానికి ఎవరన్నా వస్తే, మగ్గం గుంటలో కాళ్ళు దింపి కూర్చోమనేవాడు. మొదటిరోజే చేతికి పోగు తోసే నాడె ఇచ్చేవాడు, పోగు తెగితే తిట్టేవాడు. నాకు తెలిసిన టీచర్ ట్రైనింగ్ అదే. కాబట్టి నా దగ్గరికొచ్చిన లెక్చరర్లకు రెండు పనులు పెట్టాను. ఒకటి, ఒకరోజంతా యాకూబ్బీ కింద ఉండి ఒక బిడ్డకు పాలు తాగించాలి. "సారూ, గిన్నె మూతికాడ పెట్టి ఆగం జేత్తే తాగదు. కింద కూసో. ఒళ్ళె ఏసుకో. మాట్లాడు" అని ఆమె చెప్తుంటే కొందరికి ఒళ్ళు మండేది. ఒకాయన చొక్కామీద బిడ్డ కక్కితే పోయి ప్రిన్సిపల్‌కు కంప్లయింట్ ఇచ్చాడు, ఆయా చేత డాక్టర్లకు పాఠం చెప్పిస్తున్నానని. నిజమే చెప్పిస్తున్నాను, ఇంకా ఎవరున్నారిక్కడ చెప్పడానికి, అన్నాను.

రెండోది, బాగైన బిడ్డను తల్లితోపాటు ఇంటిదాకా బస్సులో దింపి, వార్డులో తను రాసిచ్చిన తిండిని ఆ ఇంట్లో ఉన్న సామానుతో వండి పెట్టాలి. ధర్మసాగర్ వైపు ఒక ఇంటికి పోయిన లెక్చరర్ వార్డులో ఏం రాశాడో తెలుసా? రోజుకు రెండు గుడ్లు, అరలీటరు పాలు, ఒక బత్తాయి. ఆ ఇంట్లో జొన్నలున్నాయి, కారముంది, చింతపండుంది. "చెప్పు సారూ, ఏది ముందు పొయ్యిమీద పెట్టాలె?" అని తల్లి ఎంతో మర్యాదగా అడిగింది. ఈయనకు ఉన్నట్టుండి బస్సు టైము గుర్తొచ్చింది.

పరీక్ష కోసం ఏ బిడ్డనూ ఒక్కరోజు కూడా ఆపొద్దని పట్టుబట్టాను. ఆరోజు వార్డులో ఎవరుంటే వాళ్ళతోనే పరీక్ష. ఎగ్జామినర్లు నామీద కారాలు మిరియాలు నూరారు. ఆ ఏడు స్టూడెంట్లలో సగంమంది తెల్లమొహం వేశారు. విరేచనాలతో కళ్ళు లోపలికి పోయిన బిడ్డను చూసి ఒకడు, "మేడం, ఇది కేసేనా?" అని అడిగాడు. ఆ బిడ్డలాంటివాళ్ళే రోజూ వార్డు గుమ్మంలో పడి ఉండేవాళ్ళు, అయిదేళ్ళు వాళ్ళను దాటుకుంటూ నడిచి డాక్టరవుతున్నాడు వాడు. తప్పు వాడిదని నేననను, నడవడం నేర్పింది మేమే.

ఇంతవరకు నేను బాగానే చేశాను కదా అనిపిస్తుంది. నాకూ అట్లాగే అనిపించింది, అదే వచ్చిన తిప్పలు. ప్రతి ట్రైనింగ్‌లో జీపు కథ చెప్పేదాన్ని. పెద్దసారు అరుపు, నిండిన ట్యాంకు, నలుగురు డాక్టర్లు, నాలుగుసార్లు ఒత్తడం, చివరికి నా 'అయ్యో'. చెప్పిచెప్పి నోటికి వచ్చేసింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వుతారో తెలుసు. అయ్యో దగ్గర గదంతా ఘొల్లుమనేది, తర్వాత నిశ్శబ్దమయ్యేది, తర్వాత చప్పట్లు. తన తప్పు తను చెప్పుకున్నది, ఎంత గొప్ప మనిషి అనేవాళ్ళు. వేరే కాలేజీలవాళ్ళు ఆ కథ కోసమే పిలిచేవాళ్ళు.

ఒకసారి అట్లాగే చప్పట్లు అయిపోయాక, వెనక వరుసలోనుంచి సుజాత అని కొత్తగా చేరిన లెక్చరర్ లేచింది. మెత్తని మనిషి, మూడురోజుల్లో అదే మొదటిసారి నోరు విప్పడం.

"ఆ పాప ఇప్పుడు ఎట్లున్నది మేడం?"

"బాగైంది. చెప్పిన కదా, వాళ్ళ నానమ్మే బాగు చేసిందని."

"అంటే, మీరు మల్ల చూసిండ్రా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అప్పటికి ఏడేళ్ళు. వర్ధన్నపేట బస్సులు మా దవాఖాన ముందునుంచే పోయేవి. కండక్టరు ఊరి పేరు అరుస్తుంటే వార్డు కిటికీలోకి వినపడేది. జీపు ఇవ్వరు, జీపు ఇవ్వరు అని ఏడేళ్ళు అందరినీ తిట్టిపోశాను. ఒక్కసారి కూడా ఆ బస్సెక్కలేదు. ఎంతమంది లెక్చరర్లను ఎక్కించానో లెక్కలేదు, నేను ఎక్కలేదు.

"చూడలేదు" అన్నాను. "రేపు పోదాం, నువ్వు కూడ రా."

బస్సు

మరునాడు ఇద్దరం పోయాం. దారంతా నేను మనసులో లెక్కలు వేసుకుంటున్నాను, కొమ్మాలుకు ఇప్పుడు పదేళ్ళుంటాయి, బడికి పోతుండాలి, పోకపోతే కైకిలికి పోతుండాలి. ఇంట్లో ఉంటే ట్రైనింగ్‌కు తీసుకొచ్చి చూపిస్తే ఎంత బాగుంటుంది అని కూడా అనుకున్నాను. ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను. కానీ మీరు నాలాంటివాళ్ళే అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి రాస్తున్నాను.

ఇల్లు అదే. ముసలామె లేదు. మల్లమ్మ వాకిట్లో ధాన్యం ఆరబోస్తోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది గాని, మంచం వెయ్యలేదు.

"జీపులొచ్చిన డాక్టరమ్మవు కదా" అన్నది.

"అవును మల్లమ్మా. కొమ్మాలు ఎట్లున్నది? చూసిపోదామని వచ్చినం."

ఆమె చేతులకంటిన ఊక దులుపుకున్నది.

"ఏం కొమ్మాలమ్మా! మీరొచ్చిపోయిన తొమ్మిదో నాడు పాయె. తట్టు పోసింది. మీ దవాఖాన్ల మా మంచం మీదనే ఇంకో పిల్లగాన్ని పండబెట్టిండ్రు, వానికి పెయ్యంత ఎర్రగ తట్టు లేచింది. తీసేయమని సిస్టరును బతిమిలాడిన. మంచాలు లేవన్నది. అది చూసే భయమై నేను పారిపోయొచ్చిన. అప్పటికే దానికి అంటింది."

"మేం వచ్చిననాడు..." అన్నాను.

"మీరచ్చిననాడే పెయ్యి కాలుతాంది. కండ్లెర్రగైనయి, ముక్కు కారుతాంది. నిన్నటిసంది జరమొచ్చిందమ్మా అని నీకు చెప్పిన. రెండుసార్లు చెప్పిన. మీరు కాళ్ళే చూసిండ్రు. నలుగురు చూసిండ్రు. ఇంతమంది డాక్టర్లు చూసి ఏమనలేదు గదా, ఫికర్ లేదు అనుకున్నం. లేకుంటే మల్ల బస్సెక్కిత్తుంటి."

ఆమె చెప్పిందట. రెండుసార్లు చెప్పిందట. నాకు గుర్తు లేదు. ఆ పాదాలు గుర్తున్నాయి, గోళ్ళతో సహా. అన్నిసార్లు ముట్టుకున్నా, ఒళ్ళు వేడిగా ఉందేమో తెలియదు. బిడ్డ మొహం గుర్తు తెచ్చుకుందామని ఎంత ప్రయత్నించినా రావడం లేదు. తట్టు వచ్చే ముందు బిడ్డ కళ్ళు ఎట్లుంటాయో ఏళ్ళ తరబడి బోర్డుమీద రాసి చెప్తున్నదాన్ని.

సుజాత ఏడుస్తోంది. మల్లమ్మ ఏడవలేదు. ధాన్యాన్ని కాలితో సదురుతూ, "అప్పుడు బండి తోలెటాయన పోంగ చెప్పిండు, రేపు పరీక్షలని, దానికే వచ్చిండ్రని" అన్నది. కోపంగా అనలేదు. ఎవరిదో సంగతి చెప్పినట్టు అన్నది.

అప్పుడే బడినుంచి ఒక పిల్ల పలక పట్టుకొని వచ్చింది. ఆనాడు చంకలో ఉన్న అయిదు నెలల పిల్ల ఇదే అయ్యుండాలి. మమ్మల్ని చూసి వాకిట్లోనే ఆగింది. నాకు తెలియకుండానే నా చెయ్యి లేచింది, దగ్గరికి రమ్మని.

మల్లమ్మ గబుక్కున మధ్యలోకి వచ్చింది. పిల్లను వెనక్కి నెట్టి, కొంగు అడ్డం పట్టుకున్నది.

"మల్ల పరీక్షలచ్చినయా అమ్మా?" అన్నది. "గిది మంచిగున్నది. దీనికేం వాపు లేదు."